అయిదో స్థానమూ పప్పుచారూ

మొన్న నేను బూర్గంపాడు వెళ్లేసరికి మా వదిన పెరట్లో హాకీ కర్రతో ములక్కాడలు కోస్తోంది. కర్ర వంపును కొమ్మకు తగిలించి ఒక్క గుంజు గుంజితే కాడలు టపటపా రాలుతున్నాయి. నాకు ప్రాణం చివుక్కుమంది. ఒకప్పుడు ఆ కర్ర మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడేది. దసరానాడు నాన్న దానికి బొట్టు పెట్టేవాడు. పొరపాటున కాలు తగిలితే మేం వంగి కళ్లకద్దుకోవలసిందే. "ఏంది వదినా, నాయిన చూస్తే ఊకుంటడా?" అన్నాను. "మామయ్యే ఇచ్చిండు సరళా. కాడలు అందుతలెవ్వని నేను మొత్తుకుంటుంటే, దీనికిప్పుడు గింతకన్న పనేముంది, తీస్కపో బిడ్డా అన్నడు," అంది వదిన. నేను వచ్చింది కూడా నాన్న సంగతి చూద్దామనే. ఏన్కూరు మామయ్య, అంటే వదిన వాళ్ల నాన్న, పోయినప్పటి నుంచి మా నాన్న సరిగా తినడం లేదని, కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడని అన్న ఫోన్ చేశాడు. వియ్యంకుడు పోయినందుకు ఇంతగా దిగులుపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. విచిత్రమేమిటంటే, ఆ వియ్యంకుడు బతికున్నన్నాళ్లూ మా నాన్న ఆయనతో ఒక్క విషయంలో కూడా అవునని ఎరగడు.

నాన్న బూర్గంపాడు బడిలో డ్రిల్లు సారు. ఊరంతా కబడ్డీ, క్రికెట్టు అంటుంటే ఆయన మాత్రం హాకీ అనేవాడు. బడికి కర్రలు కొనిచ్చే దిక్కు లేక, అడవి పక్క గూడేల నుంచి వచ్చే పిల్లలతో వంపు తిరిగిన కొమ్మలు తెప్పించి, చెక్కి, పొయ్యి సెగ చూపించి కర్రలు తయారు చేయించేవాడు. మా అమ్మ వంటింట్లో అన్నం వార్చడానికి వస్తే పొయ్యి మీద గిన్నె ఉండేది కాదు, పొయ్యి చుట్టూ కర్రలుండేవి. ఆ పచ్చికొమ్మ కాలే వాసన, గాలి ఇటు తిరిగినప్పుడు వచ్చే కాగితం మిల్లు వాసన, ఎండాకాలం ముందు ఎండబోసిన ఇప్పపూల తీపి వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మా ఇల్లు. క్రికెట్టంటే నాన్నకు చులకన. "ఎండల నిలబడి గోళ్లు గిల్లుకునే ఆట," అనేవాడు.

దేశం ఆడే రోజు మా ఇంట్లో పండగా కాదు, దినమూ కాదు, రెంటికీ మధ్య ఏదో జరిగేది. నాన్న తెల్లారకముందే తలస్నానం చేసి, గుడ్డ బూట్లకు తెల్లరంగు పూసి గోడ మీద ఎండబెట్టేవాడు. ఆట మొదలయ్యే వేళకు ఆ బూట్లు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, టీవీ ముందు కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. తప్పు జరిగిందని తోస్తే అంపైరు కన్నా ముందే ఈల వేసేవాడు. జాతీయగీతం వస్తే ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్లక్కడ లేచి నిలబడాలి. ఒకసారి అమ్మ అలా నిలబడి ఉండగానే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "పాలేమన్న పాకిస్తానోళ్లా, పొంగనియ్యి," అన్నాడు నాన్న. అన్నింటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉండేది. దేశం ఆడుతున్న రోజు ఆట ముగిసేదాకా ఆయన ముద్ద ముట్టేవాడు కాదు. పొద్దున ఒక చాయ, అంతే. జ్వరంలో కూడా ఆ నియమం తప్పలేదు. దేశం మాత్రం ఆ ఉపవాసాలను పెద్దగా పట్టించుకున్నట్టు కనబడేది కాదు. ఆ రోజుల్లో మన జట్టు ఎక్కువగా అయిదో స్థానానికో ఏడో స్థానానికో ఆడుతుండేది.

అదిగో, అలాంటి కాలంలోనే హాకీకి లీగు ఒకటి వచ్చింది. ఊళ్ల పేర్లతో జట్లు, రంగురంగుల చొక్కాలు, బయటిదేశాల ఆటగాళ్లు, గోలు పడితే పాటలు. హైదరాబాదు పేరుతో కూడా ఒక జట్టు వచ్చింది. అది గెలుస్తుండేది కూడా. బూర్గంపాడు చాయ హోటల్లో కూడా హైదరాబాదు గెలిచిందట అనే మాట వినబడసాగింది. నాన్నకు ఇది అస్సలు నచ్చలేదు. "పైసలకు ఆడేదాన్ని ఆటంటరా? అది కూలి," అనేవాడు. "మీరు జీతం తీస్కోకుంటనే డ్రిల్లు చేపిస్తుండ్రా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగేది. నాన్న టీవీ సౌండు పెంచేవాడు.

ఇక మా అన్న సంగతి. అన్నకు కాగితం మిల్లులో ఉద్యోగం. ఒకరోజు వేలు నలిగి పాల్వంచలో ఒక దవాఖానాకు పోతే అక్కడ నర్సు పద్మ కట్టు కట్టింది. ఆ తర్వాత మా అన్నకు దెబ్బలు బాగా తగలడం మొదలైంది. మోచెయ్యి గీరుకునేది, మడమ బెణికేది, కంట్లో నలుసు పడేది. బూర్గంపాడులో ఉన్న దవాఖానా మాత్రం పనికొచ్చేది కాదు. "వీనికి శని పట్టింది," అని అమ్మ భద్రాచలం పోయి రాములవారికి దండం పెట్టుకుని వచ్చింది. విషయం తెలిసింది నాకొక్కదానికే. చివరికి ఎవరో పెద్దమనిషి చేత సంబంధం చెప్పించుకున్నాడు, ఆ పిల్లను తానెన్నడూ చూడనట్టు మొహం పెట్టుకుని. పిల్లవాళ్లది ఏన్కూరు. తండ్రి బస్సు కండక్టరు. "ఆయనకు హాకీ అంటే పిచ్చట," అని పెద్దమనిషి చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. ఏ హాకీ అని మాత్రం ఎవరమూ అడగలేదు.

పంతులు పెట్టిన మంచి గడియ సరిగ్గా దేశం మ్యాచ్ ఉన్న సాయంత్రం పడింది. నాన్న గడియ మార్చమన్నాడు. "అయిదో స్థానం కోసం ఆడే ఆటకు కొడుకు పెండ్లి ఆపుతరా?" అని అమ్మ అడిగిన తీరుకు ఆయన నోరు మూసుకుని బూట్లకు రంగు పూసుకున్నాడు. కిరాయి జీపులో బయల్దేరాం. మా వైపు ఒక పట్టింపు ఉంది. పెళ్లిచూపులకు పోయిన ఇంట్లో చాయ తాగొచ్చు, మిక్చరు తినొచ్చు, లడ్డూ కొరకొచ్చు. బువ్వ మాత్రం తినకూడదు. ఆ ఇంటి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మాట ఇచ్చినట్టే, సంబంధం ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదంటే నలుగురిలో తల ఎత్తుకోలేరు. అందుకే అమ్మ పులిహోర కట్టుకొచ్చి, జూలూరుపాడు దాటాక జీపు ఆపించి అందరికీ పెట్టింది. ఆకలితో పోతే నాలుక మాట వినదని ఆమె భయం. అందరమూ తిన్నాం. నాన్న తినలేదు, దేశం ఆడుతోంది కదా. పొట్టమీద చెయ్యి వేసుకుని రోడ్డు పక్క మిరపతోటలు చూస్తూ కూర్చున్నాడు.

ఏన్కూరు మామయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. లావుపాటి మనిషి, బస్సు చివరి సీటుదాకా వినిపించే గొంతు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో పనిచేశాడట. హాకీ మైదానం వెనక గదిలో కిరాయికి ఉండి, పొద్దున్నే కర్రల చప్పుడుకే నిద్రలేచేవాడట. అప్పటినుంచి ఆయన ప్రాణమంతా హైదరాబాదు జట్ల మీదే. ఆ సాయంత్రం ఆయన జట్టుకు లీగులో సెమీఫైనలు. ఒక ఇల్లు, ఒక టీవీ, ఒక రిమోటు, రెండు ఆటలు. నేను అన్న వైపు చూశాను. అన్నకు అప్పుడు నిజంగానే ఒంట్లో బాగాలేనట్టుంది.

మొదట మర్యాదలు నడిచాయి. "సారు, మీరు మా ఇంటికొచ్చిండ్రు, దేశం ఆటే పెడ్త," అని మామయ్య చానెలు మార్చాడు. "అయ్యో, గట్లెట్ల? మీ ఇల్లు, మీ హైదరాబాదే చూద్దాం," అని నాన్న రిమోటు అందుకుని ఇటు తిప్పాడు. ఆయన అటు, ఈయన ఇటు. ఒకరినొకరు గౌరవించుకోవడంలో ఎవరికీ ఏ ఆటా సరిగా కనబడలేదు. చాయ వచ్చింది. పద్మ వచ్చి కూర్చుంది, అమ్మ అడిగినవాటికి జవాబు చెప్పింది, అన్నను కొత్తగా చూసినట్టు చూసింది. ఆ నటన మా అన్న నటన కన్నా ఎన్నో రెట్లు మేలు. అమ్మకు పిల్ల నచ్చిందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే పిల్ల జడ ఎంత ఉందో చూడకుండా చెయ్యి పట్టుకుని నిమిరింది. పద్మ లోపలికి వెళ్లిపోయింది. చాయ గ్లాసులు ఖాళీ అయ్యాయి. మర్యాద కూడా వాటితోపాటే అయిపోయింది.

దేశం మీద గోలు పడింది. నాన్న జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదాడు. బయట జీపు డ్రైవరు బయల్దేరమన్నారేమో అనుకుని ఇంజను స్టార్టు చేశాడు. ఆ గోలలో మామయ్య అనకూడని మాట అనేశాడు. "పోనియ్యిండ్రి సారు. అయిదు గాకుంటే ఆరు. దానికింత రంది ఏంది? మా సెమీఫైనలు సూడుండ్రి, గెలిస్తే ఫైనలు!"

"అయిదో స్థానమైనా దేశానిది," అన్నాడు నాన్న. "మీ క్లబ్బు కప్పు తెచ్చినా అది ఊరిది."

"దేశం ఏడాదికోపాలి వచ్చే సుట్టమసొంటిది సారు. వచ్చిన్నాడు కొత్త బట్టలేస్కోని మురుస్తం, పోయినంక మర్చిపోతం. క్లబ్బు గట్ల గాదు, ఇంట్ల మనిషి. వారం వారం కండ్లముందర ఉంటది. గెలిస్తే పక్కింటోనితోని కొట్లాడొచ్చు. దేశం గెలిస్తే ఎవనితోని కొట్లాడుత? అందరిదీ ఒకే దేశమాయె!"

"ఇంట్ల మనిషా? సగం మంది ఆటగాళ్లు బయటిదేశపోళ్లు. పైసలిచ్చి తెచ్చుకున్నోళ్లు. నిన్నగాక మొన్న వచ్చినోడు హైదరాబాదోడు ఎట్లయితడయా?"

మామయ్య తాపీగా అన్నాడు. "కోడలు గూడ బయటినుంచే వస్తది సారు. వచ్చినంక ఇంటి మనిషి గాదా?"

గదిలో నవ్వని వాళ్లు ఇద్దరే ఇద్దరు, నాన్న, అన్న. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అదీ పెళ్లిచూపుల్లో అన్న మాట. పిల్లలముందు ఎన్నడూ ఓడని డ్రిల్లు సారు, పరాయి ఇంట్లో, ఖాళీ కడుపుతో, అందరి ముందూ ఓడిపోయాడు. ఆయన లేచి నిలబడ్డాడు. "లెవ్వుండ్రి. పోదాం," అన్నాడు. ఆ గొంతు మాకు తెలుసు. ఆ గొంతుతో అన్నాక బడిలో వెయ్యి మంది పిల్లలు ఒక్కసారిగా సావధాన్‌లోకి వచ్చేవాళ్లు. అన్న మొహం పాలిపోయింది. మామయ్యకు తన నోటి దూల అప్పుడు అర్థమై, "సారు, సారు, నేను ఊకెనే..." అంటూ వెంటబడ్డాడు. నాన్న గడపదాకా వచ్చేశాడు. ఇక ఆ గడప దాటితే ఆ సంబంధం అయిపోయినట్టే. మా అన్న ఆ తర్వాత ఎన్ని దెబ్బలు తగిలించుకున్నా లాభం లేదు.

సరిగ్గా అప్పుడు టీవీలో వ్యాఖ్యాత గొంతు పెరిగింది. దేశానికి పెనాల్టీ కార్నరు. అంటే గోలు కొట్టడానికి చేతికందిన అవకాశం. నాన్న కాలు గడప మీద ఆగింది. వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో వంటింట్లోంచి పద్మ వచ్చింది, చేతిలో కంచం. వేడన్నం, మీద పప్పుచారు, పక్కన ములక్కాడ కూర, పొగలు. మందు మింగనని మొరాయించే రోగులతో రోజూ మింగించే పిల్ల కదా. కుర్చీ ఒకటి కాలితో ఇటు జరిపి, నాన్న చేతిలో కంచం పెట్టి పక్కకు తప్పుకుంది. నిండు కంచం చేతిలో ఉన్న మనిషి కూర్చోక ఏం చేస్తాడు? కూర్చున్నాడు. కళ్లు టీవీ మీద. చెయ్యి దానంతటది ముద్ద కలిపింది. అమ్మ ఆపబోయింది. అన్న వెనకనుంచి ఆమె కొంగు పట్టుకున్నాడు. ముద్ద నోట్లోకి వెళ్లింది. ఇంకో ముద్ద. ఇంటి ఆడవాళ్లంతా తలుపు సందులోంచి చూస్తున్నారు, మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, ఒక్కరికీ టీవీలో ఏం జరుగుతుందో పట్టలేదు. బంతి గోలు స్తంభానికి తగిలి పక్కకు పోయింది. నాన్న "థూ" అని, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

కంచం సగమయ్యాక మామయ్య గరిటె పట్టుకుని పక్కన చేరాడు. అంతవరకూ సారు, సారు అన్న మనిషి గొంతు మార్చాడు. "బావగారూ, ఇంకొంచెం పప్పుచారు పొయ్యమంటారా?" నాన్న ఉలిక్కిపడి కంచం వైపు, తన ఎంగిలి చెయ్యి వైపు చూసుకున్నాడు. "ఇదెక్కడిది? నేనెప్పుడు తిన్న?" అన్నాడు. పొట్టచెక్కలయ్యేలా నవ్వారు అందరూ. దేశం ఓడి ఆరో స్థానంలో మిగిలింది. చానెలు తిప్పితే హైదరాబాదు కూడా సెమీఫైనల్లో ఓడిపోయింది. ఆ సాయంత్రం గెలిచినవాడు మా అన్న ఒక్కడే.

ఆ తర్వాత ఎన్నేళ్లయినా నాన్న ఒకటే మాట మీద ఉన్నాడు. "నన్ను మోసం జేసిండ్రు. ఆట సూస్తుంటె నాకు తెల్వకుంట తినిపిచ్చిండ్రు. ఏం దిన్ననో గూడ నాకు యాదికి లేదు." చుట్టాలు వస్తే ఈ కథ చెప్పించుకోవడం, మామయ్య కోర్టులో సాక్షిలా లేచి పూర్తిగా ఒప్పుకోవడం, వదిన వంటింట్లో నవ్వుకోవడం మా ఇంటి ఆనవాయితీ అయింది. వియ్యంకులిద్దరూ ఆ పోట్లాటను మాత్రం వదల్లేదు. దేశం ఆడితే ఏన్కూరు నుంచి ఫోను, "ఎన్నో నంబరొచ్చింది బావా?" అని. లీగులో హైదరాబాదు ఓడితే ఇక్కడినుంచి ఫోను, "మీ ఇంట్ల మనిషి కాలుజారి పడ్డడట గదా బావా?" అని. కొన్నాళ్లకు ఆ లీగే మూతబడింది. ఆ రోజు నాన్న సంబరపడతాడనుకుంటే, పొద్దుటి బస్సు పట్టుకుని ఏన్కూరు పోయి పరామర్శించి వచ్చాడు.

ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ రిమోటు కోసం పెనుగులాడనక్కర్లేదు. ములక్కాడలు తెస్తూ చూశాను, మా మేనల్లుడు అరుగు మీద ఫోనులో ఏకకాలంలో రెండు ఆటలు చూస్తున్నాడు, తెర సగం ఒకటి, సగం ఒకటి. "ఎవరి వైపురా నువ్వు?" అన్నాను. "ఎవల దిక్కు లేను అత్తా. మంచిగ ఆడినోళ్ల దిక్కు," అన్నాడు. ఎంత న్యాయమైన మాట! అందులో తప్పేమీ లేదు. కానీ నాకెందుకో ఆ మాట చప్పగా అనిపించింది. అన్నీ చూడగలిగినవాడికి ఏదీ పోగొట్టుకునే భయం లేదు. మా నాన్న అయిదో స్థానానికి కూడా అన్నం మానేసేవాడు, ఆయనా మామయ్యా కలిసి పెళ్లి సంబంధమే చెడగొట్టుకోబోయారు. అదంతా మూర్ఖత్వమే. నాకు మాత్రం ఆ మూర్ఖులతోనే పొద్దుపోయేది.

నాన్న లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిక్కిపోయాడు. "నువ్వొచ్చినవా బిడ్డా," అని మళ్లీ గోడ వైపు తిరిగాడు. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. రాత్రికీ వద్దనే అంటాడని వదిన చెప్పింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ లీగు మళ్లీ మొదలైంది, హైదరాబాదుకు మళ్లీ జట్టు వచ్చింది. ఆ సాయంత్రమే వాళ్ల ఆట ఉంది. వదిన టీవీ పెట్టి, సౌండు కాస్త పెంచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి నాన్న ఇటు తిరిగాడు. ఇంకాసేపటికి లేచి కూర్చున్నాడు. "గా పొడుగోడు మంచిగ ఆడుతుండు. ఎవడు వాడు? బయటిదేశపోడా?" అన్నాడు. "అవ్ నాయినా, నిన్నగాక మొన్న వచ్చినోడు," అన్నాను. నాన్న కాళ్లు మంచం కిందికి దించాడు. "మీ ఏన్కూరు మామ ఉంటే ఇయ్యాల ఇల్లు పీకి పందిరేస్తుండె," అన్నాడు.

హైదరాబాదుకు పెనాల్టీ కార్నరు వచ్చింది. నాన్న ముందుకు వంగాడు. వదిన కంచం తెచ్చింది, వేడన్నం, పప్పుచారు, పెరటి ములక్కాడల కూర. చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది. నేనూ, గుమ్మంలో నిలబడ్డ అన్నా ఊపిరి బిగబట్టాం. ఆయన కళ్లు టీవీ మీదే ఉన్నాయి. చెయ్యి ముద్ద కలిపింది. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిని, నెమ్మదిగా నమిలి మింగి, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"పప్పుచార్ల ఉప్పు తక్కువైంది పద్మా." మరో ముద్ద పెట్టుకున్నాడు. "ఆ దినం గూడ తక్కువే ఉండె."

వదిన నా వైపు చూసింది, నేను అన్న వైపు చూశాను. ఉప్పు తేవడానికి ఎవరమూ కదల్లేదు.